విని, ఒప్పుకొని

1956 డిసెంబరు 1, శనివారం

ఈ డైరీ కొన్నది జనవరి ఒకటిన. ఆ రోజు పేజీ నిండా రాశాను. రోజుకి రెండు పేజీల నవల రాయాలి, నూకరత్నంతో కీచులాట పెట్టుకోకూడదు, చుట్ట మానాలి. జనవరి రెండు నుంచి నవంబరు ముప్ఫై దాకా తెల్ల కాగితం. చుట్ట ఇప్పుడు నోట్లోనే ఉంది.

మిగిలిన పేజీలు దస్తావేజుల చిత్తుకి పనికొస్తాయనుకున్నాను గాని, ఇవాళ కడుపు మండిపోతోంది. చెప్పుకోడానికి ఇంట్లో మనిషి లేదు. మనిషి ఉంది, మాట్లాడదు. నూకరత్నం నాతో మాట మానేసి ఇవాళ్టికి పన్నెండో రోజు. ఇంట్లో ఉన్నది ఇద్దరం, ఒక గేదె. ఆవిడ చెప్పదలచుకున్నది గేదెకి చెబుతుంది. నాకు ఈ డైరీ మిగిలింది.

కడుపుమంట సంగతి ఇది. బెజవాడ పత్రికలో నా నవల మీద సమీక్ష వచ్చింది. ఆరేళ్ళు రాసి, ఏ ప్రచురణకర్త గుమ్మమూ ఎక్కకుండా, అనకాపల్లి ప్రెస్సులో నాకు నేనే అచ్చు వేయించుకున్న నవల. పేరు ‘రంగం మనిషి’. ఆ సమీక్షకుడు ఏమన్నాడో అక్షరం పొల్లు పోకుండా ఎక్కిస్తున్నాను: "పేరు చూసి నాటకరంగ జీవితాన్ని ఆశించిన పాఠకునికి నిరాశ తప్పదు. మూడువందల పుటలలో ఒక్క నాటకమూ ప్రదర్శింపబడలేదు."

మా వైపు రంగం అంటే రంగూను. పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది. ప్రతి ఊళ్ళోనూ రంగం వెళ్ళినవాళ్ళున్నారు, తిరిగి వచ్చినవాళ్ళున్నారు, రానివాళ్ళున్నారు. మొదటి పేజీలోనే ఓడ ఎక్కించాను గదా మహానుభావా! ఓడ నాటకంలోది అనుకున్నాడు కాబోలు.

చివర్లో ఒక మెచ్చుకోలు పారేశాడు. "నాయిక పలికిన ‘ఉత్తరం రాలేదంటే మనిషున్నట్టే, ఉత్తరం వొస్తేనే బయం’ అన్న వాక్యం మాత్రం గుర్తుండిపోతుంది. శ్రీ గణపతిరావుగారు ఇలాంటి వాక్యాలు మరిన్ని రాయాలి."

ఆ వాక్యం నేను రాసింది కాదు.

డిసెంబరు 2

ఒక్క ముక్క రాయలేదు. గేదె పాలు తగ్గించింది. దానికీ నా మీద కోపమేనేమో.

డిసెంబరు 4

రిజిస్ట్రారాఫీసు అరుగు మీద నా చాపకీ నాకూ పంతొమ్మిదేళ్ళు నిండాయి. ఈ తాలూకాలో సగం పొలాలకి హద్దులు నా చేతిరాతలోనే ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళ రాతలో నా సొంత వాక్యం ఒక్కటీ లేదు. ‘సదరు’, ‘పైన ఉదహరించిన’, ‘నా ఇష్టపూర్వకముగా’. ఇవే నా పలుకుబళ్ళు.

ఇవాళ రావికమతం నుంచి అచ్చియ్యమ్మ అని ఒక ముసలామె కొడుకుల పంపకం కాగితానికి వచ్చింది. రాశాను, గడగడా చదివేశాను. చదువు రానివాళ్ళకి కాగితం చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించకూడదు. చివర్లో రాయాలి కూడా: ‘చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకొని వేసిన వేలిముద్ర’ అని. నాకు పని నేర్పిన ముసలి లేఖరి గట్టిగా చెప్పేవాడు. విన్నావా అని ఒకసారి అడగాలి, ఒప్పుకున్నావా అని మళ్ళీ అడగాలి, మధ్యలో కాస్త ఆగాలి. కొత్తలో అలాగే అడిగేవాణ్ణి. ఇప్పుడు రెండూ ఒక్క ఊపిరిలో అడిగేస్తున్నాను. వాళ్ళూ ఒక్క ఊపిరిలో తల ఊపేస్తున్నారు. ఇన్నేళ్ళలో ఒప్పుకోనన్న మనిషి నాకు తగల్లేదు.

నవలతో ఈ బెడద లేదు. ఎవరికీ చదివి వినిపించక్కర్లేదు, ఎవరి వేలిముద్రా అక్కర్లేదు. నవల రాయడం మొదలెట్టింది అందుకేననుకుంటాను.

ఇంటికొచ్చేసరికి పీట వేసి ఉంది. విస్తట్లో అన్నం, వంకాయ కూర, పక్కన నీళ్ళు. మనిషి లేదు. దొడ్లోంచి వినిపించింది: "సల్లారిపోతే నాను మళ్ళీ ఏడి సెయ్యనని సెప్పు." గేదె ఏమీ చెప్పలేదు. వెళ్ళి తిన్నాను.

డిసెంబరు 7

రాసి పెట్టుకుంటే నాకే తెలుస్తుంది నేను ఏ నేరమూ చెయ్యలేదని.

నూకరత్నం ‘అప్ప’ అని పిలిచే వాళ్ళక్క మంగాయమ్మ వదినని బుచ్చయ్యపేటలో ఇచ్చారు. ఆవిడ మొగుడు పరదేశి పెళ్ళైన మూడో ఏడు రంగం వెళ్ళాడు. యుద్ధం వచ్చి, నలభైరెండులో మనవాళ్ళంతా అడవుల్లో పడి నడిచి వచ్చేశారు. పరదేశి రాలేదు. ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు. వదిన బొట్టూ గాజులూ అలాగే ఉంచుకుంది. ఎవరడిగినా ఒకటే జవాబు, "ఉత్తరం రాలేదంటే మనిషున్నట్టే." నూతి దగ్గర, కళ్ళంలో, పెళ్ళిళ్ళలో పద్నాలుగేళ్ళుగా ఇదే మాట.

రెండేళ్ళ కిందట నూకరత్నం నా దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ ఏడ్చింది. ఆ నలభైరెండులోనే రోలుగుంట మనిషి ఒకడు నడిచి వచ్చి, పరదేశి దారిలోనే వాంతులూ విరేచనాలై పోయాడని వదినకి కబురు చెప్పాడట. పశువుల పాకలో ఇద్దరే ఉండగా చెప్పాడు. వాడు కూడా తర్వాత పోయాడు. వదిన ఆ కబురు ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికి ఒక్కదానికే, అదీ పన్నెండేళ్ళు ఆగి చెప్పింది. నూకరత్నం నా చేతిలో చెయ్యేసి, "ఎవలికీ సెప్పనని ఒట్టెయ్యండి" అంది. వేశాను.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దంది, రాయొద్దనలేదు. మంగాయమ్మని సీతాలు చేశాను. బుచ్చయ్యపేట పేరు తీసేసి లేని ఊరొకటి పెట్టాను. పరదేశికి మీసాలు కూడా పెట్టాను.

ఆ ఒక్క వాక్యం మార్చలేకపోయాను. అంతకంటే మంచిది నాకు తట్టలేదు.

బుచ్చయ్యపేట బడిపంతులు సత్యారావు పుస్తకం ఎలాగో సంపాదించి, సాయంకాలాలు అరుగు మీద పదిమందికీ చదివి వినిపించడం మొదలెట్టాడు. ఆ వాక్యం రాగానే అరుగు మీద ఉన్నవాళ్ళంతా ఒక ఇంటివైపు తల తిప్పారట. కార్తీక పున్నానికి అక్క దగ్గరికి వెళ్ళిన నూకరత్నం వీధిలో నిలబడి తను నాకు చెప్పిన మాటలన్నీ తనే విన్నది. ఇంటికొచ్చింది, కాళ్ళు కడుక్కుంది, మాట మానేసింది.

సాహిత్యమంటే ఏమిటో తెలిస్తే గదా. అక్షరం ముక్క రాని మొద్దుకి ఎలా చెప్పను?

డిసెంబరు 9, ఆదివారం

కొత్త నవల ఆరో అధ్యాయం. పొద్దుట్నుంచీ కూర్చున్నాను. మొగుడూ పెళ్ళాల తగువు రాయాలి. నాయిక ఇలా అంది: "మీరు సదరు విషయమును నాకు ముందుగా తెలియజేసి యుండవలసినది."

చింపేశాను. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే గొంతు. నా ఆడవాళ్ళందరూ రిజిస్ట్రారు గుమాస్తాల్లా మాట్లాడుతున్నారు. ఇదివరకు ఇలా ఉండేది కాదు. నూకరత్నం పొయ్యి దగ్గర ఏదో ఒకటి అంటూ ఉండేది. నేను ఇక్కడ కూర్చుని, నా బుర్రలోంచే వస్తోందనుకుంటూ రాసుకుపోయేవాణ్ణి.

ఇది రాసిందే ఎక్కువ. ఇక రాయను.

డిసెంబరు 12

నూకరత్నం గేదెకి కుడితి పెడుతూ చెప్పింది. ఇవాళ గట్టిగానే చెప్పింది, నేను వసారాలో ఉన్నానని తెలిసే.

"సూసేవేటే, మార్గశిరం పెళ్ళిళ్ళు. బుచ్చయ్యపేట మునసబు గారి ఇంటి ఆడగుంట పెళ్ళట. పిలుపుకొచ్చినోలు కుంకం బరిణి అట్టుకుని ఈదంతా తిరిగేరు. అందరికీ బొట్టెట్టి పిలిసేరు. మా అప్ప గుమ్మంలోకొచ్చి నిలబడింది. బరిణి మూత తీసి, మళ్ళీ ఎట్టేసి, ‘పెళ్ళికి రామ్మా’ అని నోటితో సెప్పి ఎల్లిపోయేరట. బొట్టెట్టలేదట. ఇన్నావా?"

గేదె తోక ఆడించింది. నేను చుట్ట వెలిగించుకుంటే అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది.

డిసెంబరు 13

నా తప్పేముంది?

డిసెంబరు 14

నా తప్పేముంది? పేరు మార్చాను. ఊరు మార్చాను. మీసాలు పెట్టాను.

డిసెంబరు 16, ఆదివారం

ఇవాళ పరదేశి తమ్ముడు పెదబాబు వచ్చాడు. చంకలో నా పుస్తకం, తన సొంతానికి కొనుక్కున్నది. కొట్టడానికి వచ్చాడనే అనుకున్నాను. కూర్చోమంటే కింద కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అన్నియ్యా, నీ బుక్కు సదివించుకున్నాను. మాస్టారి సేత మూడుసార్లు సదివించేను. మూడుసార్లూ ఏడ్చేను."

నాకేమైందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒళ్ళు పులకరించింది. "ఎక్కడ ఏడ్చావు?" అని అడిగాను.

"పద్నాలుగో పాఠం. మా అన్న పోయిన కాడ." పుస్తకం తెరిచాడు. ఆ పేజీలో చీపురుపుల్ల పెట్టుకున్నాడు. "పుష్యమాసం బహుళ అమాస అని రాసేవు. ఇన్నాళ్ళూ ఆ తిథి కోసవే ఎతుకుతన్నాను. రంగం నుంచి నడిసొచ్చినోడల్లా నన్ను సూసి పారిపోయేవోడు, అంతలా అడిగేవోణ్ణి. ఒక్కడూ సెప్పలేకపోయేడు. నీకెలాగ తెలిసిందో గాని, దొరికింది."

"పెదబాబూ, అది నవల. కల్పన."

"అంటే?"

"అంటే, నా ఊహ."

"ఊహంటే అబద్దవా?" నవ్వాడు, నేను వేళాకోళం చేస్తున్నాననుకుని. "అబద్దాలు అచ్చేయిస్తారేటి అన్నియ్యా? అంత కాయితం ఎవలు తగలేస్తారు?"

అప్పుడే చెప్పాల్సింది. ఆ తిథి నేను పుట్టించాను అని. నోటిదాకా వచ్చింది. కాని వాడు పేజీ మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. ఆరేళ్ళు రాశాను, బెజవాడవాడు నాటకం లేదన్నాడు, అనకాపల్లిలో మేష్టర్లు మొహమాటానికి బాగుందన్నారు. ఈ మనిషి మూడుసార్లు ఏడ్చాడు. నా నవల అక్షరం అక్షరం నమ్మిన మొట్టమొదటి పాఠకుడు.

నేను ఊరుకున్నాను. వాడు చెప్పుకుపోయాడు.

"ఏటా పండక్కి పెద్దలకి బట్టలెట్టినప్పుడు అన్న పేరు సెప్పాలో మానాలో తెలక పంచి అట్టుకుని నిలబడిపోయేవోణ్ణి. సెప్తే ఉన్నోణ్ణి సంపినట్టు, మానితే పోయినోణ్ణి పస్తెట్టినట్టు. ఇక ఆ బాద లేదు. వొచ్చే పుష్యం అమాసకి కర్మ సేసేస్తాం. ఆ రోజే వొదిన గాజులు తీయించేస్తాం. ఊరు ఊరంతా అదే అంటన్నాది. నువ్వు పెద్దమనిసివి, ముందుండి జరిపించాలి."

వెళ్ళేటప్పుడు నా చేతులు రెండూ కళ్ళకద్దుకున్నాడు.

డిసెంబరు 17

పుష్య బహుళ అమావాస్య. ఇంకా నెలన్నర ఉంది.

ఎవరైనా తమ నవల ఇంత పని చేస్తుందని కలగన్నారా? నేను గర్వపడాలి. గర్వపడుతున్నాను కూడా.

అన్నం సయించలేదు.

డిసెంబరు 18

ఇవాళ నేనే గేదె దగ్గరికి వెళ్ళాను. నూకరత్నం పొయ్యి దగ్గర ఉంది, తలుపు తీసే ఉంది. గేదె మెడ మీద చెయ్యి వేసి పెదబాబు వచ్చిన సంగతంతా దానికి చెప్పాను. నలభైఆరేళ్ళ మొగాణ్ణి, దొడ్లో నిలబడి గేదెతో మొర పెట్టుకున్నాను.

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది.

డిసెంబరు 19

తెల్లారేసరికి నూకరత్నం లేదు. గేదెకి గడ్డి వేసి ఉంది, పాలు పితికి ఉన్నాయి, కుండలో గంజి ఉంది. పక్కింటి కరుణమ్మ చెప్పింది, బెల్లం బండి మీద బుచ్చయ్యపేట వెళ్ళిందని.

డిసెంబరు 21

అన్నం మాడింది. గేదె నన్ను దగ్గరికి రానివ్వడం లేదు, కరుణమ్మ వచ్చి పితుకుతోంది.

డిసెంబరు 23, ఆదివారం

బుచ్చయ్యపేట వెళ్ళి చెప్పేస్తే సరిపోతుంది. ఏమని? నవల అంతా అబద్ధమని. దస్తావేజు ధోరణిలో ఒక కాగితం రాశాను: ‘నేను రచించిన సదరు గ్రంథమందలి విషయములన్నియు నా బుర్రలో పుట్టినవే గాని యథార్థములు కావు.’ సంతకం పెట్టబోయి ఆగాను. అన్నీ నా బుర్రలో పుట్టినవేనా? పుట్టినవి చెత్తగా ఉన్నాయి. బాగున్నవి పుట్టలేదు.

ఒకటి మాత్రం నిజంగా నాదే. ఆ తిథి.

కాగితం పొయ్యిలో వేశాను. చెరుకు గానుగల వాసన ఊరంతా కమ్ముకుంది. మామూలుగా ఈ రోజుల్లో నూకరత్నం కొత్త బెల్లం పాకం నా కాగితాల దగ్గరికి తెచ్చి పెట్టి, కాగితాలకి అంటించినందుకు నా చేత తిట్లు తినేది. ఇల్లు ఇంత శుభ్రంగా ఉంటే ఏడుపు వస్తోంది.

డిసెంబరు 25

కరుణమ్మ వాళ్ళకి పండగ. అరిసెలు తెచ్చి ఇచ్చింది. "నూకరత్నం ఎప్పుడొస్తాది బాబూ?" అంది. వాళ్ళప్పకి జ్వరమని, తగ్గాక వస్తుందని, చింతపల్లి నుంచి వైద్యుడొచ్చాడని చెప్పాను. నమ్మింది. ప్రార్థన చేస్తానంది.

అబద్ధం బాగా అల్లుతాను, అందులో లోటు లేదు.

డిసెంబరు 30, ఆదివారం

మధ్యాహ్నం బండి వచ్చి ఆగింది. ముందు పెదబాబు దిగాడు. తర్వాత నూకరత్నం. ఆ తర్వాత మంగాయమ్మ వదిన, మోచేతుల దాకా పచ్చగాజులతో. పుస్తకం వచ్చాక ఆవిణ్ణి చూడటం ఇదే. ఏడుస్తుందనో తిడుతుందనో అనుకున్నాను. ఆవిడ నేరుగా వచ్చి నా రాతబల్లకి ఎదురుగా, కాగితాలు రాయించుకునేవాళ్ళు కూర్చునే చోట కూర్చుంది.

"సదువు బాబూ."

"ఏమిటి వదినా?"

"నా కాయితం. నాకు సదవకుండా ఊరందరికీ సదివించేవు గదా. ఇప్పుడు నాకు సదువు."

పద్నాలుగో అధ్యాయం తీశాను. నూకరత్నం గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పెదబాబు కింద కూర్చుని కళ్ళు ముందే తుడుచుకుంటున్నాడు. చదవడం మొదలుపెట్టాను. నా వాక్యాలు నాకే ఎంత పొడుగ్గా ఉన్నాయో. అడవి, చలి, అమావాస్య చీకటి, పశువుల పాక, కబురు తెచ్చిన మనిషి. చివరికి ఇక్కడికి వచ్చాను: "సీతాలుకు తెలుసు. తెలిసే, ఆ పచ్చగాజుల చాటున లోకాన్ని మోసగించింది." ఇది రాసిన రోజు నా భుజం నేనే తట్టుకున్నాను. ఇవాళ దాన్ని గొణిగేసి పుస్తకం దించాను.

వదిన బల్ల మీదికి వంగింది.

"అయిందేటి?"

"అయింది."

"అయితే అడుగు. సెరువు కింద బూమి మార్పు కాయితం రాసినప్పుడు అడిగేవు. ఒకసారి అడిగి, ఆగి, మళ్ళీ అడిగేవు. అయ్యి అడుగు."

ఆ కాగితం రాసి పదిహేనేళ్ళు దాటింది. నేను మరిచిపోయాను, ఆవిడ మరిచిపోలేదు.

"విన్నావా వదినా?"

"ఇన్నాను."

ఆగాను. ఈసారి ఆగడం తప్పనిసరైంది.

"ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోలేదు."

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి విన్నాను ఆ మాట.

"రోలుగుంటోడు పాకలోకొచ్చి సెప్పినప్పుడూ అంతే బాబూ. ‘నీ పెనివిటి దారిలో పోయేడమ్మా’ అన్నాడు. ఇన్నాను. నువ్వు సూసేవా అనడిగేను. తను సూడలేదన్నాడు, సూసినోడు సెప్పేడన్నాడు. ఆ సూసినోడేడీ అంటే ఆడూ దారిలోనే పోయేడన్నాడు. అలాగ ఇంటే ఒప్పేసుకోవాలేటి? ఇన్నదొకటి, ఒప్పుకున్నదొకటి. నీ కాయితాల్లో రెండు మాటలెందుకు రాస్తన్నావు మరి? మోసం సేసేనని రాసేవు. మోసం సెయ్యాలంటే తెలిసుండాల గదా. నాకు తెలీదు బాబూ. పద్నాలుగేళ్ళయి పొద్దున్న లేసి బొట్టెట్టుకున్నప్పుడల్లా నాకు తెలీదు. అదే నా బాద. నీకు తెలిసిపోయిందా?"

రెండేళ్ళ కిందట చింతపండు పిక్కలు తీస్తూ నూకరత్నం కూడా ‘మా అప్ప ఇన్నాది’ అనే అంది. ‘ఎరుగును’ అనలేదు. తెలుసు అన్నది నా చెయ్యి రాసింది.

పెదబాబు నా వైపు తిరిగాడు. "మరి తిథి అన్నియ్యా? తిథి ఉంది గదా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చెప్పేశాను.

"ఆ తిథి నేను పుట్టించాను పెదబాబూ. ఆ ఘట్టంలో చీకటి ఉంటే బాగుంటుందని అమావాస్య పెట్టాను. చలి కావాలని పుష్యం పెట్టాను."

"సీకటి కోసం?"

"అవును."

"మా అన్న సావుకి?"

వాడు తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. చీపురుపుల్ల తీసి కింద పారేశాడు. పుస్తకం మూసి నా బల్ల మీద పెట్టాడు, ఎవరిదో వస్తువు తిరిగి ఇచ్చినట్టు. "మరి నాను మూడుసార్లు ఏడ్చేను గదా అన్నియ్యా" అన్నాడు. ఆ మాటకి నేను తల ఎత్తలేకపోయాను. నన్ను చెప్పుతో కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

వదినే వాడికి చెప్పింది. "ఒరే పెదబాబూ, ఏడవకు. పండక్కి పెద్దల కాడ పేరు సెప్పకుండా ఒక పంచి ఎట్టు. ఉన్నోడైతే వొచ్చి కట్టుకుంటాడు, పోయినోడైతే ఆడే కట్టుకుంటాడు. గాజుల ఊసు మాత్రం ఎత్తకు. అయ్యి మా అమ్మ తొడిగినియ్యి."

వాడు తల ఊపి ఎడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

బండెక్కేముందు నేను వెనకే వెళ్ళి, "వదినా, క్షమించు" అన్నాను.

"బొట్టెట్టకుండా ఎల్లిపోయినోలు మళ్ళీ ఎట్టరు బాబూ. ఆ బుక్కు ఊళ్ళో ఉంది. దాన్ని తియ్యగలవా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. తియ్యలేను. ఆవిడ గాజులు సర్దుకుని బండి చట్రం పట్టుకుంది.

నూకరత్నం బండెక్కలేదు. లోపలికి వచ్చి, మాడిన గిన్నెలు చూసి, వాటిని దొడ్లోకి తీసుకెళ్ళింది. మాట్లాడలేదు.

డిసెంబరు 31, సోమవారం

ఆఫీసుకి వెళ్ళలేదు. గాదె గదిలో మూటలు కట్టి పెట్టిన పుస్తకాలు ఒక్కొక్కటే తెచ్చి పద్నాలుగో అధ్యాయం తీశాను. ‘తెలుసు’ కొట్టేసి పైన ‘విన్నది’ అని రాశాను. ‘సీతాలు విన్నది.’ కింది వాక్యం పూర్తిగా కొట్టేశాను. తిథి కొట్టేశాను. దస్తావేజులో కొట్టివేత ఉంటే పక్కన సంతకం పెట్టాలి, లేకపోతే చెల్లదు. ప్రతి కొట్టివేత పక్కనా సంతకం పెట్టాను. పొద్దుగూకేలోగా నలభై పుస్తకాలయ్యాయి. గాదె నిండా ఉన్నాయి. బుచ్చయ్యపేట అరుగు మీద ఉన్నదానికి నా కలం అందదు. ఈ ఏడాది నేను చేసిన రాతపనిలో ఇదొక్కటే వంక లేనిది.

"ఏటి సేస్తన్నారు?"

మాట మానేసిన నలభైరెండో రోజు. తల ఎత్తితే నూకరత్నం, చేతిలో పాలచెంబు. గేదెని కాదు, నన్నే అడిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. కొట్టివేతలు చూపించి, ఏది కొట్టానో, ఏది రాశానో చదివి చెప్పాను. వేలు పెట్టి నా సంతకాలు ముట్టుకుని చూసింది.

"నెల్లాళ్ళ నుంచీ ఆ బుక్కులో ఏటో గీకుతన్నారు. అదేటి?"

"డైరీ. నా కోసం రాసుకున్నది."

"నానున్నానా అందులో?"

"ఉన్నావు."

చెంబు కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. వదిన కూర్చున్న చోటే. "సదవండి."

ఇందులో ఏమేం ఉన్నాయో నాకు తెలుసు. ఒకటి రెండు పేజీలు దాటేద్దామనుకున్నాను. దాటలేదు. డిసెంబరు ఒకటి నుంచి మొదలుపెట్టి అంతా చదివాను. గేదె పాలు తగ్గించిందన్న చోట ముక్కుతో నవ్వింది. ఏడో తేదీ దగ్గర ఆపమని చెయ్యి ఎత్తింది. "మొద్దా?" అంది. "రాశాను" అన్నాను. "కొట్టీకండి. ఉండనీండి" అంది. బొట్టు సంగతి వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గేదెతో మొర పెట్టుకున్న చోట నా మొహంలోకి చూసింది, మొదటి నుంచీ చివరిదాకా అదొక్కసారే.

చదవడం అయిపోయింది. పద్ధతి ప్రకారం అడిగాను.

"విన్నావా?"

"ఇన్నాను."

ఆగాను.

"ఒప్పుకున్నావా?"

నూకరత్నం లేచి, చెంబు తీసుకుని, దొడ్లోకి వెళ్ళింది. జవాబు గేదెకి చెప్పింది. నాకు వినిపించాలనే గట్టిగా చెప్పింది. విన్నాను.

ఏం చెప్పిందో ఇక్కడ రాయను.